వంద వాట్ల హైమవతి

గోస్తనీ విశ్వవిద్యాలయం ఉపకులపతిగారు ఏప్రిల్లో ఏదో ఊళ్లో మూడు రోజుల సదస్సుకు వెళ్లి, ఒక చేతిసంచీ, ఒక జ్ఞాపిక, ఒక ఆశయం పట్టుకుని తిరిగొచ్చారు. చేతిసంచీ వారింటికి వెళ్లింది. జ్ఞాపిక అద్దాల బీరువాలోకి వెళ్లింది. ఆశయం మాత్రం తిన్నగా రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి, మర్నాటికల్లా నూట పద్నాలుగో నంబరు సర్క్యులరుగా బయటికొచ్చింది.

ఆశయం పేరు "చల్లని ప్రాంగణం, చక్కని విజ్ఞానం". దేశంలోకెల్లా అతి చల్లని సంస్థ ఏదో తేల్చి దానికి పతకం ఇస్తారట. పరిశీలకులు మే ముప్పయిన వస్తారట. మే నెల్లో ఆ ప్రాంతంలో కొండరాళ్లు కూడా పెనంలా కాలతాయి. కానీ సూర్యుడి మీద విశ్వవిద్యాలయానికి అధికారం లేదు కాబట్టి సర్క్యులరు ఆయన జోలికి పోలేదు. తక్కిన అందరి జోలికీ పోయింది. "ప్రాంగణమందు వేడి పుట్టించు పరికరమేదియు ముందస్తు అనుమతి లేక వాడరాదు" అని ఒకే ఒక్క వాక్యం.

ఆ వాక్యాన్ని అమలు చెయ్యడానికి ఉష్ణ నియంత్రణ విభాగం ఏర్పడింది. దానికి సంచాలకులు ఆచార్య పేరిచర్ల జగన్నాథరాజుగారు. వాణిజ్యశాస్త్రం బోధించేవారు. ఇరవై ఏళ్ల సర్వీసులో తనకు తగిన పదవి దొరకలేదన్న దిగులుతో ఉన్న మనిషికి ఇన్నాళ్లకి దొరికింది. మొదటి వారంలోనే హాస్టళ్లలోంచి ఇస్త్రీపెట్టెలు, నీళ్లు కాచుకునే కడ్డీలు, స్టాఫు గదుల్లోంచి టీ కెటిళ్లు పోగయ్యాయి. లైబ్రరీ గుమాస్తా ఇంటినుంచి తెచ్చుకున్న క్యారేజీని కూడా పట్టుకున్నారు. సాంబారు ఇంకా వేడిగా ఉందిట.

ఇదంతా భౌతికశాస్త్ర విభాగంలో పైల హైమవతికి సరిగ్గా తెలియదు. ఆవిడ పనిలో ఆవిడ ఉంది.

హైమవతి చేస్తున్న పని చెప్పుకోవడానికి చిన్నదే. ఆవిడ దగ్గర ఒక స్ఫటికం ఉంది, బియ్యపు నూకంత. దాన్ని పెంచడానికి రెండేళ్లు పట్టింది. అటువంటివాటిని క్వాంటం పదార్థాలంటారు. మామూలు రాగి తీగలో ఎలక్ట్రాన్లు ఎవరి దారిన అవి పోతాయి. వీటిలో అలా కాదు, ఊరేగింపులో జనంలా ఒకదాన్ని చూసి ఒకటి కదుల్తాయి. ఆ నూక ఒక కొసని కాస్త వేడిచేస్తే, ఎలక్ట్రాన్లు సర్దుకుని రెండు కొసల మధ్యా పిసరంత వోల్టేజీ పుడుతుంది. ఆ వోల్టేజీ ఎంత, ఎటువైపు అన్నది చూస్తే లోపల ఊరేగింపు ఎలా నడుస్తోందో తెలుస్తుంది. నూకకి హీటరు అతికించడం కష్టం, అతికిస్తే ఆ హీటరు వేడి అన్ని వైపులకీ పాకుతుంది. అందుకని హైమవతి వెలుగుతో వేడి చేస్తుంది. సన్నటి లేజరు చుక్కని కావలసిన చోట వెయ్యడం, కావాలంటే ఇంకో చోటికి జరపడం. ముట్టుకోనక్కర్లేదు.

ఆ నూకకి వెంట్రుక కన్నా సన్నని బంగారు తీగలు నాలుగు అతికించాలి. సూక్ష్మదర్శినిలో చూస్తూ వెండి జిగురుతో ఆ పని చెయ్యగలిగినవాడు విశ్వవిద్యాలయంలో ఒక్కడే, మజ్జి సింహాద్రి. టెక్నీషియను. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఊపిరి బిగబట్టి సూది దించితే ఆ చెయ్యి వణకడం ఎవరూ చూడలేదు. ఆయన మే ముప్పయ్యొకటిన రిటైరవుతున్నాడు. అతికించిన తీగ చల్లబరిచేటప్పుడు ఎప్పుడైనా ఊడవచ్చు, ఊడితే మళ్లీ అతికించాలి. అంటే ప్రయోగం ఏదైనా ఆ నెలాఖరులోగా అయిపోవాలి. ఆ తర్వాత ఆ చెయ్యి ఉండదు.

మే ఆరో తారీకున రాజుగారు ఇద్దరు గార్డులతో వచ్చారు.

ప్రయోగశాల తలుపు మీద బోర్డుంది. "కాంతితో వేడిచేసే పద్ధతిలో క్వాంటం పదార్థాల ఉష్ణవిద్యుత్ గుణాల పరిశీలన". రాజుగారు దాన్ని గట్టిగా చదివారు. రెండో మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివారు.

"డాక్టర్ హైమవతిగారూ, తప్పు చేసేవాళ్లు సాధారణంగా దాన్ని తలుపు మీద రాసుకోరు."

"తప్పేముందండీ ఇందులో?"

"వేడి. ఎంత చేస్తారు?"

"రెండు మిల్లీవాట్ల కాంతి వేస్తాం. ఒక కొస రెండో కొసకన్నా డిగ్రీలో పదోవంతు వేడెక్కుతుంది."

"అంటే వేడెక్కుతుంది."

"ఎక్కుతుందండీ. కానీ ఆ స్ఫటికం ఉండేదే మైనస్ రెండువందల ముప్పయి డిగ్రీల్లో."

"మిగతా వివరాలు అప్రస్తుతం. వేడెక్కునని వారే అంగీకరించారు. రాసుకోవయ్యా," అన్నారు గార్డుతో. ఇంకో గార్డు లేజరుకి లక్క సీలు వేశాడు. లక్క కరిగించడానికి కొవ్వొత్తి వెలిగించాడు. ఆ కొవ్వొత్తికి అనుమతి ఉంది.

వెళ్లబోతూ రాజుగారు మూలనున్న పెద్ద స్టీలు పాత్రలాంటిదాన్ని చూసి, అదేమిటన్నారు. స్ఫటికాన్ని చల్లబరిచే యంత్రమని హైమవతి చెప్పింది. రాజుగారి ముఖం వికసించింది.

"చల్లబరిచేదా? మైనస్ రెండువందల ముప్పయా? ఇలాంటివి విభాగానికొకటి ఉండాలి! ప్రతి కారిడారులోనూ పెట్టించాలి."

ఆ యంత్రానికి వెనక గదిలో ఒక కంప్రెసరుంది. లోపల నూకగింజని చల్లబరచడానికి అది బయటికి ఏడువేల వాట్ల వేడి కక్కుతుంది. సింహాద్రి దాని మీద తువ్వాలు ఆరేసుకుంటాడు. హైమవతి నిజాయితీపరురాలు కాబట్టి ఆ సంగతి చెప్పబోయింది.

"వెనక గదుల పరిశీలన మా పరిధిలో లేదు," అన్నారు రాజుగారు. చల్లబరిచే యంత్రానికి అక్కడికక్కడే ప్రశంసాపత్రం రాసి ఇచ్చి వెళ్లిపోయారు.

అనుమతికి ఉ-7 అనే ఫారం ఉంది. అది మెస్సుల కోసం తయారుచేసినది. కానీ వేడికి ఇంకో ఫారం లేదన్నారు. హైమవతి రెండు రోజులు కూర్చుని నింపింది. "వేడిచేయు పాత్ర అడుగు వైశాల్యం" దగ్గర రెండు చదరపు మిల్లీమీటర్లని రాసింది. "వండు పదార్థము" దగ్గర స్ఫటికం పేరు పూర్తిగా రాసింది, మూడు మూలకాలతో సహా. "మూత కలదా" అంటే, కలదు, గాలి కూడా చొరదు అంది. చివరి ప్రశ్న "ఎంతమందికి సరిపోవును". ఈ ఫలితాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎంతమంది ఉంటారా అని ఆలోచించి, చిత్తశుద్ధితో నలభైమంది అని రాసింది.

ఫారం రెండు రోజుల్లో తిరిగొచ్చింది. నలభైమందికి వండుటకు హాస్టలు వార్డెను సమ్మతిపత్రం జతపరచలేదు.

"లేజరంటే లైటే కదమ్మా," అన్నాడు సింహాద్రి. "వేడని మనవెందుకు రాయాల? దీపమని రాసేద్దాం."

మాట బాగానే ఉందనిపించి, వెలుతురు విభాగానికి దరఖాస్తు పెట్టింది. ఆ విభాగం ఇంజనీరు మర్యాదస్తుడు. అదే రోజు వచ్చి, సీలు తాత్కాలికంగా తీయించి, లేజరు కింద ఆ రోజు పేపరు పరిచి పరీక్ష చేశాడు. చాలాసేపు వంగి చూశాడు.

"ఒకసారికి ఒక అక్షరమే కనిపిస్తోందండీ. అదీ పెద్దక్షరాల హెడ్డింగైతే సగమే. దీన్ని దీపమంటే నా ఉద్యోగం పోతుంది," అని మళ్లీ సీలు వేయించి, పేపరు మడిచి పట్టుకెళ్లాడు.

ఈ లోపల మే పన్నెండొచ్చింది. లేజరు దీపం కాదని ఒక విభాగం, పొయ్యి అని నిరూపణ కాలేదని ఇంకో విభాగం రాసుకునేసరికి ఫైలు రిజిస్ట్రారు ఓలేటి సూర్యప్రకాశరావుగారి దగ్గరికి చేరింది. ఆయన చదివి, అసలు చిక్కంతా నిర్వచనం లేకపోవడం వల్ల వచ్చిందని గ్రహించారు. "వేడి పుట్టించు పరికరము" అంటే ఏమిటో సర్క్యులరులో లేదు. ఏడుగురు సభ్యులతో కమిటీ వేసి, నిర్వచనం రాయడానికి విషయ నిపుణురాలిగా హైమవతినే పిలిచారు.

హైమవతికి ప్రాణం లేచొచ్చింది. తన చేతికే కలం ఇచ్చారు! నిర్వచనం నికార్సుగా రాసి, దాని కింద కొంచెం వేడికి మినహాయింపు పెట్టేస్తే సరిపోతుంది. రాత్రికి రాత్రి కాదుగానీ మధ్యాహ్నం భోజనం మానేసి రాసుకొచ్చింది. "చుట్టుపక్కల కన్న ఎక్కువ ఉష్ణోగ్రతలో ఉండి, చుట్టుపక్కలకు వేడినిచ్చునది ఏదైనను వేడి పుట్టించు పరికరమే. అయితే యాభై వాట్లకు తక్కువైన వాటికి ఈ నియమము వర్తించదు."

కమిటీ మొదటి వాక్యాన్ని బల్లలు చరిచి మెచ్చుకుంది. రెండో వాక్యం దగ్గర రాజుగారు గొంతు సవరించుకున్నారు.

"మినహాయింపు లేని నియమమే నియమం. యాభై అంటే రేపు నలభై తొమ్మిది వాట్ల ఇస్త్రీపెట్టె చేసుకొస్తారు మనవాళ్లు. కొట్టెయ్యండి."

కొట్టేశారు.  ఏదో ఒకటి చెప్పి వాళ్లకి తన లేజరు ఎంత చిన్నదో అర్థమయ్యేలా చెయ్యాలనుకుంది హైమవతి.

"అయ్యా, ఒక్కమాట. ఊరికే కుర్చీలో కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు వంద వాట్ల వేడి బయటికొస్తుంది. నా లేజరు అందులో యాభైవేలో వంతు. ఇప్పుడీ గదిలో మనమే ఎనిమిది వందల వాట్లున్నాం. నా లేజరొక లెక్కా చెప్పండి?"

 రిజిస్ట్రారు పక్కనున్న సభ్యుడి వైపు చూశారు. ఆ సభ్యుడు కొంచెం దూరంగా జరిగాడు. రాజుగారు కాయితం మీద ఏదో గుణించి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయని తర్వాత ఒకరు చెప్పారు.

"నాలుగు వేలమంది," అన్నారు మెల్లిగా. "నాలుగు లక్షల వాట్లు. మనం కెటిళ్లు ఏరుకుంటున్నాం సార్. కళ్లెదుటే నాలుగు లక్షల వాట్లు తిరుగుతున్నాయి!"

"నా ఉద్దేశం అది కాదండీ," అంది హైమవతి.

"మీ వినయం మీది. ఈ విశ్వవిద్యాలయానికి మీరు చేసిన మేలు మినిట్సులో రాయిస్తాను."

నూట ఇరవై ఏడో సర్క్యులరు మర్నాడు వచ్చింది. "ప్రాంగణమందలి సకల సిబ్బంది, విద్యార్థులు ఇకమీదట ఉష్ణోత్పాదక పరికరములుగా పరిగణింపబడుదురు." అందరికీ మెళ్లో వేసుకోవడానికి కార్డులిచ్చారు. పేరు, హోదా, వంద వాట్లు. గదికి మూడొందల వాట్లు మించరాదు. అంటే ముగ్గురు.

పాఠాలు ముగ్గురేసి విద్యార్థులకి చెప్పడం మొదలైంది. మేస్టారుతో కలిపితే నాలుగొందలు అవుతున్నాయని ఎవరో అభ్యంతరం చెబితే, మేస్టార్లు కిటికీ బయట నిలబడి చెప్పసాగారు. కోపం వస్తే ఒంటివేడి పెరుగుతుందని కోపాన్ని పొద్దున్న పదకొండు లోపల, రాతపూర్వకంగా ప్రదర్శించాలన్నారు. వ్యాయామ విభాగం పిల్లలు చెట్టునీడన కూర్చుని కబడ్డీ నియమాలు చదువుకున్నారు. సంగీతం గదికి వెళ్లిన రాజుగారు, పైస్థాయికి పాడేటప్పుడు గాయని ముఖం ఎర్రబడడం గమనించి, పరిశీలన అయ్యేవరకూ అవరోహణ మాత్రమే సాధన చెయ్యమన్నారు. సంగీతం మేడమ్ ఆ సాయంత్రం హైమవతికి కారిడారులో ఎదురై, నవ్వకుండా పలకరించింది.

"నిర్వచనం రాసింది మీరేనటగా?"

అప్పటినుంచి హైమవతికి "నిర్వచనం మేడమ్" అని పేరొచ్చింది. క్యాంటీన్లో తను వెళ్తే తక్కిన ఇద్దరూ లేచిపోయేవారు. ముగ్గురు మించకూడదనే నియమం వల్ల కాదు. ఆవిడ గదికొచ్చి స్టూలు మీద కూలబడేది.

"నాలుగు వేలమంది నెత్తిన నేనే పెట్టానండీ ఇది," అంది సింహాద్రితో. "లేజరు సీలు ఊడలేదు సరికదా."

సింహాద్రి తన మెళ్లో కార్డు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"ఈ వంద వాట్లూ నావేనా అమ్మా?"

"మీవే."

"నేను సెలవు పెట్టి ఇంటికాడ కూకుంటే, ఆ వందా ఏటైపోతాది?"

హైమవతి తలెత్తింది.

"మిగిలిపోతాది కదా," అన్నాడు సింహాద్రి. "మిగిల్నది లేజరుకి రాసీమనండి. దానికి వందెందుకు, చిటికెడు చాలు."

ఆలోచన అద్భుతంగా ఉంది. కానీ సెలవు సింహాద్రి పెట్టడానికి లేదు, తీగలు ఆయనే అతికించాలి. సెలవు పెట్టవలసింది హైమవతి. "ఉష్ణవాటా బదిలీ కొరకు దరఖాస్తు" అని పైన పెద్దక్షరాలతో రాసి తీసుకెళ్లింది. కమిటీకి అది పరిశీలించడానికి కూర్చోవాలంటే ఏడుగురున్నారు, గదికి ముగ్గురే. అందుకని మూడు గదుల్లో కూర్చున్నారు. మూడో గదిలో ఒక్కడే కూర్చున్న సభ్యుడు, ముందు గదుల్లోంచి చీటీలు రావడం ఆలస్యమై, చర్చ మొదలు కాకముందే ఏకగ్రీవంగా ఆమోదించేశాడు. రాజుగారికీ అభ్యంతరం లేకపోయింది. తన రిజిస్టరులో కొత్తగా బదిలీల పేజీ తెరుచుకోవడం ఆయనకి ఆనందం కలిగించింది.

అలా మే పద్దెనిమిదిన లేజరుకి కార్డొచ్చింది. లేజరు ఫొటో, కింద "డాక్టర్ పైల హైమవతి, సహాయ ఆచార్యులు, వంద వాట్లు". రక్తం గ్రూపు దగ్గర వర్తించదని ఉంది. సీలు తీసేశారు.

ఇప్పుడు హైమవతి సెలవులో ఉంది కాబట్టి లోపలికి రాకూడదు. అయితే సందర్శకులు రావచ్చు. సందర్శకులు సంస్థకు చెందినవారు కారు గనుక వారి వేడి సంస్థ వేడి కాదని రాజుగారు మొదట్లోనే తేల్చేశారు. మర్నాడు పొద్దున్నే ఆవిడ గేటు దగ్గర సందర్శకుల పుస్తకం ముందు నిలబడింది.

"ఎవర్ని కలవాలమ్మా?" అన్నాడు కొత్తగా వచ్చిన గార్డు.

"డాక్టర్ హైమవతిని."

"ఏం పని?"

ఆవిడకి అబద్ధం నోటికి రాదు. "కొలతలు తీసుకోవాలి," అంది.

"ఓహో, కుట్టుపనా?"

"అలాంటిదే. బాగా సన్నటి పని."

గార్డు రాసుకుని పంపించాడు. రోజూ అదే తంతు. నాలుగో రోజు అడిగాడు, "ఇంకా కుదరలేదా అమ్మా ఆవిడకి?" అని.

నిజానికి కుదరలేదు. మొదటిసారి చల్లబరిచినప్పుడు మైనస్ నూట ఎనభై దగ్గర ఒక తీగ ఊడింది. మళ్లీ గది వేడికి తెచ్చి, తెరిచి, సింహాద్రి అతికించేసరికి రెండు రోజులు పోయాయి. రెండోసారి ఇంకో తీగ. ఈలోగా, లేజరు కార్డు లెక్కన హైమవతి హాజరులోనే ఉండడంతో, పరీక్షల విభాగంవారు ఆవిడకి ఇన్విజిలేషను వేశారు. హాజరు పట్టీలో రోజూ ఉంటూ హాలుకు రాలేదేమని మెమో పంపారు. సింహాద్రి దాన్ని తీసుకొచ్చి లేజరు పక్కన గోడకి అంటించాడు. పరీక్షలవారు మూడు రోజులు చూసి, సంజాయిషీ అడిగినా ఎదురుచెప్పని ఉద్యోగి ఈ విశ్వవిద్యాలయంలో ఈవిడొక్కతేనని సంతోషించి, మెమో వెనక్కి తీసుకున్నారు.

మూడోసారి అతికించేటప్పుడు సింహాద్రి గంటన్నర పాటు తల ఎత్తలేదు. సూది దించడం, ఆగడం, తియ్యడం. నాలుగో తీగ అయ్యాక కళ్లు నులుముకుని, "ఇదింక ఊడదమ్మా. ఊడితే నా సర్వీసు దండగ," అన్నాడు. ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున్న పదకొండుకి స్ఫటికం మైనస్ రెండువందల ముప్పయికి చేరింది. తీగలు నాలుగూ ఉన్నాయి.

వెలుగుచుక్క ఎడమ కొస మీద ఉంటే మీటరు ప్లస్సు చూపాలి. చూపిస్తోంది. హైమవతి డిగ్రీలో పదోవంతు చొప్పున దించుతూ చదువుతోంది, సింహాద్రి రాస్తున్నాడు. అంకె తగ్గుతూ వచ్చింది. మైనస్ రెండువందల ముప్పయ్యొకటి దగ్గర సున్నా అయింది. ఇంకో అర డిగ్రీ దించింది. చుక్క ఎడమ కొస మీదే ఉంది. మీటరు మైనస్సుకి వెళ్లింది.

 హైమవతి లేజరు ఆపింది, అంకె పోయింది. వెలిగించింది, మైనస్సు వచ్చింది. చుక్కని కుడి కొసకి జరిపింది, ప్లస్సు వచ్చింది. మీటరు దగ్గర తీగలు తారుమారు చేసి చూసింది. పదకొండు సార్లు చూసింది. లోపల ఊరేగింపు ఆ ఒక్క చోట వెనక్కి తిరుగుతోంది. ఇటువంటి స్ఫటికంలో ఈ సంగతి తనకన్నా ముందు ఎవరూ చూసి ఉండరు.

"తప్పు కాదు కదమ్మా?" అన్నాడు సింహాద్రి గుసగుసగా.

"కాదండీ," అంది హైమవతి. ఆ క్షణంలో ఆవిడ ఒళ్లు తప్పకుండా వంద వాట్లు దాటి ఉంటుంది. ఎవరూ కొలవలేదు.

ముప్పయిన పరిశీలకులు ముగ్గురొచ్చారు. అంతకుముందు రోజే విద్యార్థులనందర్నీ ఇళ్లకి పంపేశారు. సిబ్బందిని ప్రహరీగోడ బయట రోడ్డు మీద ఎండలో నిలబెట్టారు. గొడుగులున్నవాళ్లు గొడుగులేసుకున్నారు. పరిశీలకులు ఖాళీ గదుల్లో, ఖాళీ కారిడార్లలో తిరిగి, ఒకాయన అడిగాడట.

"ఇక్కడ చదువు ఎప్పుడు జరుగుతుందండీ?"

"చల్లబడ్డాక, సార్," అన్నారు రాజుగారు.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. మొదటి బహుమతి గోస్తనీ విశ్వవిద్యాలయానికే. రెండో బహుమతి తొమ్మిదేళ్ల కిందట మూతపడిన ఒక జనపనార మిల్లుకి. పోటీ హోరాహోరీగా జరిగిందట. మిల్లులో ఒక వాచ్‌మన్ ఉండడం వల్ల వాళ్లు వెనకబడ్డారు.

ముప్పయ్యొకటో తారీకున హైమవతి సెలవు ముగించుకుని, ఉద్యోగంలో చేరుతున్నట్టు కాయితం పట్టుకుని రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లింది. సూర్యప్రకాశరావుగారు రిజిస్టరు తిరగేసి, ఇబ్బందిగా చూశారు.

"ఈ పేరుతో ఒకరు పనిచేస్తూనే ఉన్నారమ్మా."

"అది లేజరండీ. నేను హైమవతిని."

"కాదనడం లేదు. కానీ చూడండి, హాజరు నూటికి నూరు. ఒక్క ఫిర్యాదు లేదు. మెమో ఇస్తే నోరెత్తలేదు. వంద వాట్లు మంజూరైతే ఎంత వాడింది? రెండు మిల్లీవాట్లు. ఇంత పొదుపరిని తీసేసి మిమ్మల్ని చేర్చుకోడానికి ఫైల్లో కారణం ఏమని రాయను?"

 ఈ నెలరోజుల్లో హైమవతి చాలా నేర్చుకుంది.

"దానికి పీహెచ్‌డీ లేదండీ," అంది.

రిజిస్ట్రారు ఉలిక్కిపడ్డారు. డాక్టరేటు లేనివారు సహాయ ఆచార్యులుగా ఉండడం తీవ్రమైన అక్రమం. ఆడిటు పట్టుకుంటే అందరికీ చుట్టుకుంటుంది. అలాగని ఇంత మంచి ఉద్యోగిని వదులుకోడానికీ మనసొప్పలేదు. చివరికి ఒక దారి కనిపెట్టారు. హైమవతిని యథాస్థానంలో చేర్చుకుని, లేజరును అతిథి అధ్యాపకుడిగా నియమిస్తూ ఉత్తర్వు రాయించారు. అతిథులు సంస్థకు చెందినవారు కారు. వారి వేడి సంస్థ వేడి కాదు. కనుక దాన్ని ఎంతకాలమైనా, ఎవరి అనుమతీ లేకుండా వెలిగించుకోవచ్చు. హైమవతి ఆ ఉత్తర్వు రెండు చేతులతో అందుకుని, ఇంకేమీ విశదీకరించకుండా బయటపడింది.

సింహాద్రి వీడ్కోలు సభకి హాలు ఇవ్వలేదు. పతకం రెండేళ్లు నిలబెట్టుకోవాలిట, నియమాలు అలాగే ఉంటాయిట. అందుకని గేటు బయట బస్టాపు దగ్గర సభ జరిగింది. దండలేశారు. శాలువా కప్పారు. రెండు వారాలుగా ముగ్గురేసి గుసగుసలాడుకున్నవాళ్లు ఒక్కచోట చేరేసరికి ఎవరు మాట్లాడుతున్నారో ఎవరికీ వినపడలేదు. సంగీతం మేడమ్ పై స్థాయి అందుకుని పాడింది, ముఖం కందగడ్డలా చేసుకుని. పాట అయ్యాక హైమవతి పక్కకొచ్చి నిలబడి, "మీ ప్రయోగం ఫలించిందటగా," అంది. ఈసారి నవ్వింది. పక్కనే బజ్జీల బండి. జగన్నాథరాజుగారు కూడా మెళ్లో కార్డు తీసి జేబులో పెట్టుకుని వచ్చి, పొగలు కక్కే మిరపకాయ బజ్జీ ఊదుకుంటూ తింటున్నారు. ప్రాంగణం బయట ఏం తిన్నా తప్పులేదు.

బస్సు దూరంగా కనిపించింది. సింహాద్రి శాలువా సర్దుకుంటూ హైమవతి దగ్గరికొచ్చాడు.

"ముప్పై నాలుగేళ్లు అతికించేను గానీ ఎప్పుడూ అడగలేదమ్మా. ఇంతకీ ఇది దేనికి పనికొస్తాది?"

"ఇప్పుడే చెప్పలేనండీ. ఎప్పటికో ఒకప్పుడు, ఊరికే వృథాగా పోయే వేడిని కరెంటుగా మార్చుకోడానికి పనికిరావచ్చు. రాకపోనూవచ్చు."

సింహాద్రి చప్పున చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట పైకి అనకండమ్మా! మనిసికో మీటరు తగిలించి, నాలుగువేలమందినీ కరెంటిమ్మంటారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. బస్సొచ్చి ఆగింది. సింహాద్రి ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఊపుతున్న చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది, ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూస్తూ.

హైమవతి తిరిగి చూసింది. రెండడుగుల దూరంలో రాజుగారు నిలబడి ఉన్నారు. సగం తిన్న బజ్జీని ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి చొక్కాకి తుడుచుకుని, జేబులోంచి కలం తీస్తున్నారు.